తెరుబలి కథ పిల్లలే రాయాలి

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే రైలు మార్గంలో, ఒడిశాలో, తెరుబలి ఓ చిన్న స్టేషను. అక్కడ ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉంది. చుట్టూ కొండలు, ఆ కొండల్లో కోందుల గూడేలు. ఈ ప్రాంతంలో ఏ సంతకెళ్లినా ఒడియా, తెలుగు, కువీ మాటలు చెవిన పడతాయి. ఇక్కడి పిల్లలు బడిలో కళింగ యుద్ధం గురించి చదువుతారు, ఖారవేలుడి గురించి చదువుతారు. ఊరికి రైలు ఎప్పుడొచ్చిందో, ఫ్యాక్టరీ రాకముందు జనం ఏ పని చేసుకుని బతికేవారో, అమ్మమ్మ వాళ్లు ఎక్కణ్నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారో మాత్రం పుస్తకంలో ఉండదు.

ఆ లోటు తీర్చగలిగేది పిల్లలే. ఎందుకంటే తెరుబలి చరిత్ర ఏ ఒక్క భాషలోనూ పూర్తిగా లేదు. కొంత తెలుగు ఇళ్లలో, కొంత ఒడియా ఇళ్లలో, కొంత కువీ మాట్లాడే గూడేల్లో ఉంది. ఆ ఇళ్ల పిల్లలు ఒకే గదిలో పక్కపక్కన కూర్చునే చోటు ప్రాథమిక పాఠశాల. వాళ్లంతా కలిసి వెతికితేనే ఊరి కథ నిండుగా దొరుకుతుంది.

ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది

ఒక్క ఉదాహరణ చూడండి. 1930లో ఇక్కడ పుట్టిన ముత్తాత మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం ఏజెన్సీలో పుట్టినట్టు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి ఈ కొండప్రాంతం కొరాపుట్ జిల్లా అయింది. కాబట్టి 1955లో పుట్టిన తాతది కొరాపుట్. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది గనుక ఇప్పుడు బడికెళ్తున్న మనవడిది రాయగడ. కుటుంబం గడప దాటలేదు, చిరునామా మాత్రం రెండుసార్లు మారింది. ఈ సంగతి నాలుగో తరగతి పిల్లలు తమ ఇంటివాళ్ల పేర్లు పక్కన రాసుకుని తెలుసుకుంటే పాఠంలా చదివినదానికన్నా బాగా గుర్తుంటుంది.

ఇలాంటి ముడులు ఇక్కడ చాలా ఉన్నాయి. ఈ నేల ఒకప్పుడు జయపురం సంస్థానానిది. ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేసిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత. విశాఖలో ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలకు ఆయన పేరే ఉంది. ఇవతల జయపురంలోని విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే. విజయనగరం-రాయపూర్ రైలు మార్గం 1931 నాటికి పూర్తయింది, రెండేళ్లకు విశాఖ రేవు మొదలైంది. బన్సీధర్ పండా 1961లో స్థాపించిన ఇండియన్ మెటల్స్ కంపెనీ కొలిమి 1967లో తెరుబలిలో రగిలింది. జిల్లా ఉత్తరాన నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే పన్నెండు గ్రామసభలు కూర్చుని వద్దన్నాయి. వాటిలో ఏడు రాయగడ జిల్లావి. ఆనాడు సభలో కూర్చున్నవాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లలోనే ఉన్నారు. పిల్లలు వెళ్లి అడగొచ్చు.

యాభై వేలమంది చిన్నారులు

పదేళ్ల పిల్లలతో ఇదంతా అయ్యే పనేనా అన్న అనుమానం సహజం. ఐర్లండ్ ఆ అనుమానాన్ని ఎప్పుడో తీర్చింది. బ్రిటిష్ పాలన నుంచి బయటపడి పదిహేనేళ్లయిన ఆ దేశం, 1937-39 మధ్య తన జానపద కమిషన్ ద్వారా ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఓ పని అప్పగించింది. ఇంట్లో అమ్మమ్మా తాతయ్యల్నీ, వీధిలో పెద్దల్నీ అడిగి ఊరి విశేషాలు రాసుకురావాలి. ఏమేం అడగాలో టీచర్లకు 55 అంశాలతో చిన్న పుస్తకం ఇచ్చారు. పాత బడులు, కరువు రోజులు, సంతలు, నాటువైద్యం, పొలాల పేర్లు... అన్నీ అందులో ఉన్నాయి. వ్యాసరచనకు కేటాయించిన సమయాన్నే దీనికి వాడుకున్నారు. సుమారు 5,000 బడుల నుంచి 50,000 మంది పిల్లలు రాశారు. ఆ పేజీలు లక్షల్లో తేలాయి. డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రంగా ఉన్న ఆ నోటుపుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ ఎవరైనా చదువుకోవచ్చు. తమ నాయనమ్మ చిన్నప్పటి చేతిరాతను అక్కడ చూసుకోగలిగే కుటుంబాలు ఎన్నో.

1986లో బ్రిటన్‌లో బీబీసీ ఇలాంటి పనే కంప్యూటర్లతో చేసింది. పదిలక్షల మంది, ఎక్కువగా బడిపిల్లలే, తమ ప్రాంతం గురించి రాశారు. దాన్నంతా లేజర్ డిస్కుల్లో పెట్టారు. పదిహేనేళ్లు తిరిగేసరికి వాటిని చదివే యంత్రాలు దొరకడమే గగనమైంది, తిరిగి బయటికి తీయడానికి నిపుణులు నానా పాట్లు పడ్డారు. మన పిల్లల చేతిలో రెండు వందల పేజీల నోటుపుస్తకం ఉంటే చాలు, ఖర్చుతో పని లేదు.

పర్లాకిమిడి చూపిన దారి

మన దగ్గర ఈ దారికి ఆద్యుడు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల ముఖలింగం గుడి శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. కొండల్లోని సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించే బడులు పెట్టారు. చరిత్ర పాఠం చెప్పే మనిషి ఊరి రాళ్ల దగ్గరికీ ఊరి మనుషుల దగ్గరికీ వెళ్లాలన్నది ఆయన జీవితం చెప్పే మాట.

ఆ బాట ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, ఒడిశా 2007లో పది భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టాయి. సవర, కువీ రెండు చోట్లా ఉన్నాయి. కువీని అక్కడ తెలుగు లిపిలో రాస్తే ఇక్కడ ఒడియా లిపిలో రాస్తారు. గూడెం పాటలు, పండుగలు, పంటలే ఆ వాచకాల్లో పాఠాలు. ఊరి చరిత్ర సేకరణ దానికి కొనసాగింపు మాత్రమే, కొత్త భారం కాదు.

ఎలా మొదలుపెట్టాలి?

తరగతిని నలుగురేసి పిల్లల జట్లుగా చేయాలి. ప్రతి జట్టులో వేర్వేరు భాషల ఇళ్లవాళ్లు ఉండాలి. ఒక జట్టుకు రైలు, ఒక జట్టుకు ఫ్యాక్టరీ, ఒకరికి సంత, ఒకరికి కొండ, ఒకరికి బడి.

పెద్దల్ని సంవత్సరం అడిగితే చెప్పలేరు. ‘తాతా, నీ పెళ్లికి ముందా, తరవాతా?’ అని అడిగితే ఠక్కున చెబుతారు. ఇద్దరు తాతలు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోవాలి. ఆపైన మూడోవాళ్లను అడగాలి, కాగితాలు వెతకాలి. బడి అడ్మిషన్ రిజిస్టరు, ఇంటి పట్టా, పాత ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు, పెళ్లి ఫొటో... ఇవన్నీ ఆధారాలే. చరిత్రకారుడు చేసే పని ఇదే. పిల్లలు దాన్ని చేతులతో చేసి నేర్చుకుంటారు.

విన్నది విన్నట్టు ఇంటిభాషలోనే రాయాలి. తరగతిలో జట్లన్నీ చదివి వినిపించుకున్నాక అందరికీ కలిపి ఒక పుస్తకం తయారవుతుంది. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. కథలు చెప్పిన పెద్దలందరినీ పిలిచి వాళ్ల ముందు చదవాలి. కొన్ని ఇళ్లలో జ్ఞాపకమంటే ఆకలి, అప్పు, గోతి పేరుతో సాగిన వెట్టి. అదీ రాయాలి. పేరు వద్దన్నవాళ్ల పేరు మాత్రం రాయకూడదు.

ఈ పని వాయిదా వేయడానికి వీల్లేదు. 1936 నాటి మార్పు కళ్లారా చూసినవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. 1967లో ఇరవై ఏళ్లకు కొలిమి పనిలో చేరిన కుర్రాడికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. తెరుబలిలోనూ, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ పాఠాలు చెబుతున్న టీచర్లకు మా విన్నపం ఒక్కటే: ఈ విద్యా సంవత్సరంలోనే వారానికి ఒక పీరియడ్ దీనికివ్వండి. తల్లిదండ్రులూ, మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి, చేతికో నోటుపుస్తకం ఇవ్వండి.