ముందు చక్రమును పట్టుకొనియుండే బోల్టులు

పాలకొండ నుండి సీతంపేట మన్యములోనికి, పార్వతీపురం నుండి గుమ్మలక్ష్మీపురం వైపునకు, టెక్కలి నుండి సముద్రతీర గ్రామములకు వెళ్ళే మన కాపరులలో చాలామందికి మోటారు సైకిలే ఆధారము. ఒక్క అయ్యగారు రెండు మూడు సంఘములను చూడవలసి వచ్చినప్పుడు ఉదయము ఒక ఊరిలో ఆరాధన, మధ్యాహ్నము మరొక ఊరిలో, రాత్రి ఇంకొక ఊరిలో కుటుంబ కూటము. వెనుక అమ్మగారు, ట్యాంకు మీద చిన్నబిడ్డ, ప్రక్కన వ్రేలాడుతూ ఒక సంచి. విశ్వాసుల కుటుంబములూ అంతే. పలాసకు జీడిపిక్కల బస్తా, రాజాం సంతకు కూరగాయల మూట, ఆసుపత్రికి నెలలు నిండిన కోడలు, అన్నీ ఆ రెండు చక్రముల మీదనే. మోటారు వాహనముల చట్టము 128వ సెక్షను నడిపేవాని వెనుక ఒక్కరినే ఎక్కనిస్తుంది. ఆ సంగతి విడిగా వ్రాయదగినది. ఈ నెల మేము ముందు చక్రమును పట్టుకొనియుండే ఫోర్కును గూర్చి, దాని బోల్టులను గూర్చి మాట్లాడదలచాము.

ఇంజను ఆగితే బండి నిలిచిపోతుంది, అంతే. చైను తెగితే త్రోసుకొని ఇంటికి చేరవచ్చును. ముందు ఫోర్కు వదులైతే మాత్రం బండి మన చేతి మాట వినదు. అది కూడా నిలిచియున్నప్పుడు కాదు, బ్రేకు వేసినప్పుడు, గోతిలో పడినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు.

దీని నిర్మాణము కష్టమైనది కాదు. రెండు ఉక్కు గొట్టములు, వాటి క్రింద జారే రెండు ఒరలు, లోపల స్ప్రింగులు, కొంచెము నూనె. స్ప్రింగు దెబ్బను తీసుకుంటుంది, నూనె ఆ ఊపును అణచుతుంది. 1935లో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. వారు ఈ విధముగా నూనెతో పనిచేసే ఫోర్కును ఆర్12 అనే బండికి అమర్చి అమ్మకమునకు తెచ్చారు. నేడు మన ఊళ్ళలో తిరిగే బళ్ళలో చాలావాటికి ఉన్నది ఆ జాతిదే. గొట్టములు రెండింటిని పైన పట్టియుంచేది మెకానిక్కులు ‘టీ’ అని పిలిచే భాగము. ఆ టీ తిరిగేది కోన్‌సెట్‌లోని ఉక్కు గుండ్ల మీద. క్రింద ఇరుసు, దాని నట్టు. డిస్కు బ్రేకు ఉన్న బండికి బ్రేకు పట్టు కూడా ఆ ఒరకే రెండు బోల్టులతో బిగించియుంటుంది. ముందు బ్రేకు వేసినప్పుడు బండి బరువులో చాలా భాగము ముందుకు వచ్చి ఈ కొద్ది బోల్టుల మీదనే పడుతుంది.

పెద్ద కర్మాగారములలోనే ఈ విషయము తప్పిపోయిన సందర్భమున్నది. 2019 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఆ సంవత్సరము మార్చి 20 నుండి ఏప్రిల్ 30 వరకు తయారైన బుల్లెట్ రకపు బళ్ళను, సుమారు 7,000, తిరిగి పరీక్షకు పిలిచింది. కారణము, బ్రేకు పట్టు బోల్టుల బిగింపు తమ ప్రమాణము ప్రకారము లేదని తేలడమే. ఉక్కులో దోషము కాదు, బిగింపులో దోషము. యంత్రములతో బిగించే చోటే ఇట్లు జరిగినప్పుడు, వానలో గొడుగు క్రింద హడావిడిగా బిగించే చోట మనమెంత జాగ్రత్త పడవలెను?

బిగింపు అంటే బలము కొద్దీ త్రిప్పడమని చాలామంది అనుకుంటారు. నిజానికి బిగించిన బోల్టు సన్నని స్ప్రింగువలె రవ్వంత సాగుతుంది. సాగినది వెనుకకు లాగుకొనే బలముతోనే రెండు భాగములను అదిమి పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే అదురుకు మెల్లమెల్లగా వదులవుతుంది. ఎక్కువ బిగిస్తే సాగవలసిన దానికంటె సాగి బలము కోల్పోతుంది, లేదా అల్యూమినియం భాగములోని మరలు ఊడివస్తాయి, టీ చీలుతుంది. రెండవ తప్పు ప్రమాదకరమైనది, ఎందుకనగా చూడడానికి గట్టిగానే కనబడుతుంది.

ఎంత బిగించాలో బండితో వచ్చే సర్వీసు పుస్తకములో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. టీ దగ్గరి 8 మిల్లీమీటర్ల బోల్టుకు తరచుగా 20 నుండి 30 మధ్య ఉంటుంది. మీ బండి అంకె మీ పుస్తకములోనిదే. 25 న్యూటన్ మీటర్లు అంటే 20 సెంటీమీటర్ల పానా చివర సుమారు పన్నెండున్నర కిలోలు వ్రేలాడదీసినంత, అనగా 25 కిలోల బియ్యపు బస్తాలో సగము. ఇప్పుడు ఆ పానాకు గొట్టము తొడిగి 60 సెంటీమీటర్లు చేసి అదే బలముతో లాగితే మూడింతలవుతుంది. గొట్టము తొడిగే అలవాటు మన మెకానిక్ షెడ్డులలో ఉన్నది. ముందు ఫోర్కు దగ్గర దానిని అనుమతించవద్దని మా సలహా. టార్క్ రెంచి ఉన్న మెకానిక్కు కొంచెము ఎక్కువ అడిగినా ఇవ్వదగినదే.

పోయిన బోల్టు స్థానములో ఇనుప సామాన్ల దుకాణములో దొరికినది వేయడము మరొక అలవాటు. బోల్టు తలమీద 8.8 అని ఉంటే అది తెగే బలము 4.6 దానికి ఇంచుమించు రెండింతలు. గుర్తే లేని బోల్టు నాగలికి సరిపోవచ్చును గాని, బ్రేకు పట్టుకు పనికిరాదు.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో అడవికి పొరుగువానితో కట్టెలకు వెళ్ళినవాని సంగతి మనకు తెలిసినదే. పిడినుండి ఊడిన గొడ్డలి తగిలి పొరుగువాడు చనిపోతే కొట్టినవానికి ఆశ్రయపురమున్నది. కాని 22వ అధ్యాయములో, మిద్దెకు పిట్టగోడ కట్టనివాని యింటిమీద రక్తాపరాధము మోపబడుతుంది. ఒకటి తెలియక జరిగినది, రెండవది జరుగునని తెలిసియు విడిచిపెట్టినది. హ్యాండిల్ దగ్గర టకటక శబ్దము నెల రోజులుగా వింటూ వెనుక బిడ్డలను ఎక్కించుకొనేవాడు ఈ రెండింటిలో దేనికి దగ్గరో చదువరులే ఆలోచించండి.

ఇంటిలోనే చూసుకొనే పరీక్ష ఉన్నది. బండిని సెంటరు స్టాండు మీద నిలిపి, వెనుక ఒకరు అదిమితే ముందు చక్రము నేలనుండి లేస్తుంది. ఫోర్కు అడుగు భాగమును రెండు చేతులతో పట్టి ముందుకు వెనుకకు కదపండి. టక్కుమంటే కోన్‌సెట్ వదులు. హ్యాండిల్‌ను మెల్లగా ఇటు అటు త్రిప్పండి. మధ్యలో మెట్టులో పడినట్లు ఆగితే గుండ్లు తిరిగే గాడి అరిగినది, బిగించి ప్రయోజనము లేదు, మార్చవలసినదే. వరద నీటిలో మునిగిన బళ్ళకు ఇది తొందరగా వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస, సోంపేట ప్రాంతములను ముంచెత్తినప్పటివంటి నీరు ఈ గుండ్ల గ్రీజును కడిగివేస్తుంది. బయటికి మాత్రం బండి శుభ్రముగానే కనబడుతుంది.

గొట్టము మీద నూనె చెమ్మ కనబడితే ఆయిల్ సీలు పోయినట్లు. ఆ నూనె డిస్కు మీద పడితే బ్రేకు జారుతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి తీరగ్రామములలో ఉప్పుగాలికి గొట్టము త్రుప్పుపట్టి గరుకై కొత్త సీలును కూడా కోసివేస్తుంది. వారానికొకసారి మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడము ఖర్చులేని మందు.

పాత బండి కొనేవారు ముందునుండి నిలబడి రెండు గొట్టములు సమముగా ఉన్నవో లేవో చూడండి. ప్రమాదములో వంగినదానిని సాపు చేయించి అమ్మేవారున్నారు. మడతపడిన గొట్టమును సాపు చేయడము మేము ఒప్పుకొనము. గొట్టము వెల తక్కువేమీ కాదు, ఆ సంగతి మాకు తెలుసు. అయినను మడతపడిన చోట ఉక్కు బలహీనపడినదే.

టైరు పంక్చరుకు చక్రము విప్పినప్పుడు కొన్ని బళ్ళలో ఇరుసు నట్టు బిగించిన తరువాత, ప్రక్కబోల్టు ఇంకా వదులుగా ఉండగానే, ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగైదుసార్లు క్రిందికి అదమాలి. గొట్టములు రెండు తమ వరుసలోనికి వస్తాయి. అప్పుడే ప్రక్కబోల్టు. రెండు బోల్టులున్న చోట ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి వెళ్ళక, కొంచెము దీనిని, కొంచెము దానిని మార్చి మార్చి బిగించాలి. పని అయిన తరువాత నట్టు మీదనుండి ప్రక్క భాగము మీదికి ఒక గీత గోళ్ళరంగుతో గీయండి. ఇంట్లో ఆడపిల్లల దగ్గర దొరుకుతుంది. గీత విరిగి కనబడితే నట్టు కదిలినట్లే. సర్వీసు చేయించిన మొదటి ఆదివారము, బండి ఎక్కకముందు ఆ గీతను చూసి బయలుదేరండి.