మైక్ మార్చినా వాయిస్‌లో ఎకో పోవట్లేదా? తప్పు మైక్‌ది కాదు.. మీ బెడ్‌రూమ్‌ది! ఫోమ్ కొనే ముందు ఇవి తెలుసుకోండి

కొత్త మైక్ కొన్నారు. రివ్యూలన్నీ చూసి సెట్టింగ్స్ కూడా మార్చారు. అయినా రికార్డ్ చేసి వింటే బావిలోంచి మాట్లాడినట్టే ఉంది. బెడ్‌రూమ్‌లోనే స్టూడియో పెట్టుకున్న యూట్యూబర్లు, వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లు, ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పే టీచర్లు.. వీళ్లలో చాలామందికి ఇదే తలనొప్పి. వాయిస్ శాంపిల్ పంపితే "రూమ్ సౌండ్ వస్తోంది" అనే సమాధానం వస్తుంది. చేతిదాకా వచ్చిన పని పోతుంది. దాంతో ఇంకా ఖరీదైన మైక్ కొంటారు. లేదంటే గోడలకు ఫోమ్ అంటిస్తారు. డబ్బు పోతుంది కానీ ఎకో పోదు. అసలు లోపం ఎక్కడుంది? ఇంట్లో ఉన్న వాటితోనే దాన్ని ఎలా సరిచేయాలి?

మనకు వినపడని ఎకో మైక్‌కి ఎలా వినపడుతుంది?

మనం మాట్లాడితే శబ్దం నేరుగా మైక్‌లోకి వెళ్తుంది. అదే శబ్దం గోడలకు, సీలింగ్‌కు, టైల్స్‌కు తగిలి కాస్త ఆలస్యంగా మళ్లీ మైక్ దగ్గరికి వస్తుంది. శబ్దం వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అంటే 5 అడుగుల దూరంలో ఉన్న గోడకు తగిలి వెనక్కి రావడానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంత చిన్న తేడాను మనం విడిగా గుర్తుపట్టలేం. మనకు రెండు చెవులున్నాయి కాబట్టి, ఏది అసలు శబ్దం, ఏది గోడ నుంచి వచ్చిందన్నది మెదడే తేల్చుకుని రూమ్ సౌండ్‌ని చాలావరకు పక్కన పెట్టేస్తుంది.

మైక్‌కి ఆ తెలివి లేదు. వచ్చిందల్లా కలిపి రికార్డ్ చేస్తుంది. మైక్ ఎంత ఖరీదైనదైతే అంత వివరంగా గదిని కూడా పట్టుకుంటుంది. అందుకే మైక్ మార్చినా ఉపయోగం ఉండదు.

ముందు ఈ 2 నిమిషాల టెస్ట్ చేయండి

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చివర్లో 'ట్రింగ్' మని గోడల మధ్య కొట్టుకున్నట్టు వినిపిస్తే, ఎదురెదురుగా ఉన్న ఖాళీ గోడలే కారణం.

తర్వాత ఫోన్‌లో ఒకే పేరా రెండుసార్లు చదివి రికార్డ్ చేయండి. మొదటిది మీరు రోజూ కూర్చునే చోట. రెండోది బట్టల అల్మారా తలుపులు బార్లా తెరిచి, దానికి వీపు పెట్టి. రెండూ ఇయర్‌ఫోన్స్‌తో వినండి. రెండోది శుభ్రంగా ఉంటే సమస్య గదిదే అని తేలిపోయినట్టే.

కుషన్లతో మొదలైన సైన్స్

గది అకౌస్టిక్స్ అనే శాస్త్రానికి పునాది పడింది కూడా ఇలాంటి ఇబ్బందితోనే. 1895లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్‌లో మాట్లాడితే ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. ఆ పని ఫిజిక్స్ లెక్చరర్ వాలెస్ సబీన్‌కి అప్పగించారు. ఆయన దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీటు కుషన్లు తెప్పించి, రాత్రిపూట నిశ్శబ్దంలో ఒక ఆర్గాన్ పైపు, స్టాప్‌వాచ్‌తో కొలతలు తీశారు. కుషన్లు పెంచుతూ పోతే శబ్దం ఎంతసేపట్లో ఆగిపోతుందో లెక్క కట్టారు. దాన్నుంచి వచ్చిన సూత్రాన్నే నేటికీ వాడుతున్నారు. విషయం సింపుల్.. గది పెద్దదైతే మోత ఎక్కువసేపు, మెత్తటి వస్తువులు పెరిగితే తక్కువసేపు.

ఆ లెక్క మన ఇంటికి వేస్తే? 10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గది ఖాళీగా ఉంటే మోత ఆగడానికి 2 సెకన్లకు పైనే పడుతుంది. వాయిస్ రికార్డింగ్‌కి అది 0.3 సెకను దగ్గర ఉంటే బాగుంటుంది. అందుకు మంచం పరుపు, కర్టెన్లు, బట్టలు అన్నీ కలిపి 160 చదరపు అడుగులకు పైగా శబ్దాన్ని పీల్చే ఉపరితలం కావాలి. అంటే ఒకటిన్నర గోడంత. అడుగు చదరపు ఫోమ్ ముక్కలు 12 అంటిస్తే వచ్చేది 12 చదరపు అడుగులే! ఎకో ఎందుకు పోలేదో ఇప్పుడు అర్థమైందా?

ఫోమ్, థర్మోకోల్, గుడ్ల అట్టలు.. ఏది పనిచేస్తుంది?

గుడ్ల అట్టలు: పలుచటి కాగితపు గుజ్జు. శబ్దాన్ని పీల్చే శక్తి చాలా తక్కువ. స్టూడియోలా కనిపించడం తప్ప పెద్ద ఉపయోగం లేదు.

థర్మోకోల్: ఇందులో గాలి గదులన్నీ మూసుకుని ఉంటాయి. శబ్దం లోపలికే వెళ్లలేదు, ఇక పీల్చుకునేదేముంది?

1 అంగుళం ఫోమ్: 'స', 'ష' లాంటి పదునైన శబ్దాలను మాత్రమే బాగా పీలుస్తుంది. గొంతులోని బరువైన భాగం అలాగే మోగుతుంది. గోడంతా దీన్నే అంటిస్తే వాయిస్ మందంగా, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు తయారవుతుంది.

కారణం శబ్ద తరంగం పొడవు. 1000 హెర్ట్జ్ తరంగం పొడవు 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్ తరంగం ఏకంగా 3.4 మీటర్లు. ఇంత పొడవైన తరంగాన్ని అంగుళం మందం ఆపలేదు. అందుకే మందం ముఖ్యం. గోడకు అంటించకుండా కాస్త గాలి వదిలితే అదే మెటీరియల్ ఇంకా బాగా పనిచేస్తుంది.

10×10 గదికి ఇంకో చిక్కు

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న గది రికార్డింగ్‌కి అన్నిటికంటే కష్టం. 10 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్, 112 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఊగిపోతుంది. మూడు వైపులా అదే కొలత కావడంతో ఆ మోత మూడింతలు కలిసి వస్తుంది. మగవాళ్ల గొంతు మూల స్వరం సాధారణంగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే 112 సరిగ్గా అందులోనే పడుతుంది. కొన్ని మాటలు మాత్రం 'బొం' మని మోగడానికి కారణం ఇదే. గది నట్టనడుమ ఈ 112 హెర్ట్జ్ మోత గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ మైక్ పెట్టొద్దు. గోడకు మరీ ఆనించినా, మూలలో పెట్టినా అంతే.

రూపాయి ఖర్చు లేకుండా చేయాల్సినవి

1. మైక్‌కి దగ్గరగా రండి. నోటికి, మైక్‌కి మధ్య జానెడు కంటే తక్కువ దూరం ఉంచండి. దూరం సగం చేస్తే మీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం దాదాపు అంతే ఉంటుంది. గాలి తగలకుండా మైక్‌ని నోటికి కాస్త పక్కగా పెట్టండి.

2. మెత్తటివి మైక్ వెనక కాదు, మీ వెనక ఉండాలి. చాలామంది చేసే తప్పు ఇక్కడే. ఎక్కువగా వాడే కార్డియాయిడ్ మైక్‌లు వెనక వైపు తక్కువగా వింటాయి. అవి బాగా వినేది ముందున్న మిమ్మల్ని, మీ వెనక ఉన్న గోడని. అందుకే మీ వీపు వెనక తెరిచిన బట్టల అల్మారా, నిలబెట్టిన పరుపు, లేదా తాడు మీద వేలాడదీసిన రెండు మందపాటి బొంతలు ఉండాలి. బొంతకి, గోడకి మధ్య బెత్తెడు ఖాళీ వదలండి.

3. టైల్స్ మీద రగ్గు లేదా మడతపెట్టిన దుప్పటి పరవండి. బల్ల మీద కూడా ఒక మందపాటి టవల్ వేయండి.

4. స్టీల్ బీరువా, అద్దం, గాజు కిటికీ.. ఇవి శబ్దాన్ని తిప్పికొడతాయి. వాటికి ఎదురుగా కూర్చోవద్దు. కర్టెన్‌ని సాగదీయకుండా కుచ్చులు ఉండేలా వేయండి.

5. రికార్డింగ్ ఉన్నంతసేపు ఫ్యాన్, ఏసీ ఆపేయండి.

ఖర్చు పెట్టాలనుకుంటే..

చెక్క ఫ్రేమ్‌లో 2 నుంచి 4 అంగుళాల రాక్‌వూల్ పలక పెట్టి, పైన బట్ట చుట్టిన ప్యానెళ్లు ఫోమ్ కంటే మేలు. బట్టకి నోరు ఆనించి ఊదండి. గాలి అవతలికి వెళ్తే అది పనికొస్తుంది. రెక్సిన్ లాంటిది వద్దు. రాక్‌వూల్ పోగులు చర్మానికి, గొంతుకి దురద పెడతాయి కాబట్టి గ్లౌజులు, మాస్క్ తప్పనిసరి.

స్పీకర్లు పెట్టి మిక్సింగ్ చేసేవాళ్లకు ఒక చిట్కా. మీరు కుర్చీలో కూర్చోండి. ఇంకొకరు పక్క గోడ మీద చిన్న అద్దాన్ని జరుపుతూ వెళ్లాలి. అద్దంలో మీకు స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడే ప్యానెల్ పెట్టండి.

పక్కింటి శబ్దం ఆగుతుందా?

ఆగదు. గదిలో ఎకో తగ్గించడం వేరు, బయటి శబ్దం రాకుండా ఆపడం వేరు. ఎకోకి మెత్తటి మెటీరియల్ కావాలి. బయటి హారన్లు ఆగాలంటే బరువు కావాలి, సందులు మూసేయాలి. ఫోమ్ తేలిక, దానివల్ల ఆ పని కాదు. తలుపు కింది సందు, కిటికీ అంచులకు రబ్బర్ స్ట్రిప్ వేస్తే కొంత తేడా వస్తుంది. మిగతాదానికి తెల్లవారుజామునో, రాత్రిపూటో రికార్డ్ చేసుకోవడమే మార్గం.

ఈ ఒక్కటీ మర్చిపోవద్దు

సాధారణ పాలీయురేథేన్ ఫోమ్ అంటుకుంటే నిమిషాల్లో విషపు పొగ కమ్మేస్తుంది. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలాండ్ స్టేషన్ నైట్‌క్లబ్‌లో బాణసంచా నిప్పు, శబ్దం బయటికి పోకుండా గోడలకు అంటించిన ఫోమ్‌కి తగిలింది. ఆ ప్రమాదంలో 100 మంది చనిపోయారు. మీరు పెడుతున్నది నిద్రపోయే గదిలో! ఫోమ్ కొంటే మంటల్ని తట్టుకునే రకమా కాదా అని అడిగి తీసుకోండి. స్విచ్ బోర్డు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీదుగా ఫోమ్ గానీ బొంత గానీ రానివ్వొద్దు. దోమల కాయిల్, అగరబత్తి ఆ గదిలో వెలిగించొద్దు.

అన్నీ సర్దాక మళ్లీ అదే పేరా చదివి రికార్డ్ చేయండి. మొదట అల్మారా ముందు చేసిన రికార్డింగ్‌తో పోల్చి చూడండి. రెండూ ఒకేలా వినిపిస్తే మీ గది సిద్ధమైనట్టే. కొత్త మైక్ గురించి ఆలోచించాల్సింది ఆ తర్వాతే.