క్లౌడు సేవ నిలిచిపోవునప్పుడు చేయవలసిన పనులు

మూడు సంవత్సరముల క్రిందట ఒక సోమవారమున ఎనిమిదవ తరగతి మాసపరీక్షల మార్కులు చూడవలెనని కంప్యూటరు తెరచితిని. అయిదేండ్లుగా ఆ మార్కులన్నియు ఒక క్లౌడు సేవలో దాచుచుంటిని. ఆ దినమున మార్కులకు మారుగా, ఆ సేవ ముగిసినదను ఒక్క వాక్యము మాత్రమే కనబడెను. ఆరు మాసములకు పూర్వమే హెచ్చరిక వచ్చియుండెను గాని, అది నేనెన్నడును తెరువని మెయిలు పెట్టెలో పడియుండెను. కోహెడ నుండి వచ్చు ఒక బాలిక తండ్రి, వేరొక పాఠశాలలో చూపుటకు కుమార్తె మార్కుల పట్టిక కోరి వరండాలో నిలిచియుండెను. జవాబు పత్రముల కట్టలు విప్పి దానిని తిరిగి వ్రాయుటకు నాలుగు దినములు పట్టెను. తప్పు నాదే.

క్లౌడు అనగా మేఘము. ఆ పేరు వినిన పిల్లలు మన వ్రాతలు ఆకాశమున నున్నవని తలంతురు. అవి నిజముగా రాత్రింబవళ్లు నడచు కంప్యూటర్లు గల పెద్ద భవనములలో నున్నవి. అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున ఇట్టి భవనముల సముదాయమును ప్రారంభించినది. వానిలో కొన్ని మన రంగారెడ్డి జిల్లాలోనే కలవు. ఆ యంత్రములును, వానిపై నడచు సాధనములును మనవి కావు, అద్దె యిండ్ల వంటివి. యజమాని ఖాళీ చేయుమనిన యెడల సామాను మనమే మోసికొనవలెను.

2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. అయినను అంతకు ముందు వచ్చిన తంతి కాగితములు కొందరి పెట్టెలలో నేటికిని భద్రముగా నున్నవి. క్లౌడు సేవ అట్లు కాదు. సేవతో పాటు కాగితమును పోవును.

2003లో పుట్టిన స్కైపును తలిదండ్రులు మరచియుండరు. విదేశములందున్న బిడ్డల ముఖములు ఎందరో తొలుత చూచినది దానియందే. మైక్రోసాఫ్టు సంస్థ 2011లో దానిని కొని, 2025 ఫిబ్రవరి 28న మూసివేత ప్రకటించి, మే 5న నిలిపివేసెను. గడువు 66 దినములు. పాత పేరుతోనే టీమ్సు అను సాధనములో ప్రవేశించినవారికి పూర్వపు సంభాషణలును, పరిచితుల పట్టికయు అచ్చటనే కనబడెను.

ఉపాధ్యాయులు వాడిన గూగులు జాంబోర్డు కథ మరియొక రీతిది. 2023 సెప్టెంబరులో ప్రకటన వెలువడెను. 2024 అక్టోబరు 1 నుండి పాత బోర్డులను చూచుటయే గాని క్రొత్తవి వ్రాయుటకు వీలు లేకపోయెను. ఆ సంవత్సరాంతమున సేవ ముగిసి, బోర్డులు పి.డి.ఎఫ్. రూపమునకు మారెను. పి.డి.ఎఫ్. అనగా చిత్తరువు వంటిది. త్రిభుజము కనబడును గాని, దాని భుజమును జరిపి పిల్లలకు చూపజాలము. సామాను చేరినదా అని అడుగుటతో పాటు, అది వాడుకకు వచ్చునా అనియు అడుగవలెను.

మార్కుల వంటి పట్టికలను సి.యస్.వి. రూపమున దింపుకొనుట మేలు. ఇది అక్షరములును కామాలును మాత్రమే గల సాదా ఫైలు గనుక ఏ సాధనమైనను చదువగలదు. అయితే ఇందు రెండు చిక్కులను నేను కన్నులార చూచితిని. మొదటిది, తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారుట. ఫైలు తెరచునప్పుడు యూ.టి.ఎఫ్.-8 అను లిపి విధమును ఎన్నుకొనిన పేర్లు మరల సరిగా కనబడును. రెండవది మరింత కపటమైనది. 0147 అను ప్రవేశసంఖ్య గల ఫైలును ఎక్సెలులో నేరుగా తెరచిన, ముందరి సున్న పోయి 147 మిగులును. ఎవరును గమనింపరు, పిమ్మట వెదకినప్పుడు ఆ విద్యార్థి దొరకడు. ఆ వరుసను అంకెలుగా గాక అక్షరములుగా నెంచుమని ముందే సూచింపవలెను. మొత్తము కూడు సూత్రములు కూడ ఈ రూపమున రావు, ఫలితములే వచ్చును.

దింపుకొనిన పిమ్మట పాతచోట ఎందరు విద్యార్థులు, క్రొత్తచోట ఎందరు అని లెక్కించి, నాలుగైదు పేర్ల మార్కులు సరిచూడవలెను. ఒక ప్రతి పాఠశాల కంప్యూటరులోను, మరియొకటి బీరువాలోని పెన్‌డ్రైవులోను ఉండవలెను. అటు తరువాతనే పాతచోట పిల్లల పేర్లు, ఫోను సంఖ్యలు తుడిచివేయుట. ఈ క్రమమును తారుమారు చేసినవారిని ఎరుగుదును. అందులో నేనొకడను కాకపోవుట అదృష్టమే.

ఇప్పుడు కార్యాలయములో ఒక సాదా నోటుపుస్తకము పెట్టితిమి. మనము వాడు ప్రతి సేవ పేరు, అది ఎవరి మెయిలుపై నున్నది, చివరి ప్రతి ఎప్పుడు దింపినది అందు వ్రాయబడును. హెచ్చరికలు ఒక్క మనిషికి గాక కార్యాలయపు మెయిలుకు వచ్చునట్లు మార్చుచున్నాము. ఇంతవరకు తొమ్మిది సేవలు లెక్కకు వచ్చినవి. వానిలో రెండు, పాఠశాల విడిచి వెళ్లిన ఒక ఉపాధ్యాయుని పేర నున్నవి. ఆయనకు గత వారమే ఉత్తరము వ్రాసితిమి.