తెరచాపకు దారి చూపు యంత్రము

పెదకూరపాడు మెట్టపొలములలో నిలిచి సముద్రమును గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. ప్రత్తియు మిరపయు పండు నేల అది. అలల చప్పుడు అక్కడికి వినరాదు. కాని ఆ యూరికి ఈశాన్యమున, కృష్ణ యొడ్డున, అమరావతి కలదు. అది ధాన్యకటకమై వెలసిన కాలమున ఈ సీమ నేలిన శాతవాహనులలో యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడను ముద్రింపించెను. ఒక రాజు తన నాణెముపై ఓడను నిలిపెననగా, ఆ రాజ్యమునకు సముద్రము పరాయిది కాదన్నమాట.

ఆనాటి ఓడ సరంగునకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు నే నెక్కడ నున్నాను?" పగలు తీరమందలి కొండ, రాత్రి ధ్రువనక్షత్రము, నీటి రంగు, గాలి వాలు, త్రాటికి కట్టి దింపిన గుండు చెప్పిన లోతు - ఇవియే అతనికి సమాధానములు. నేడు చిన్న తెరచాప పడవలో పోవువానికి ఆ సమాధానమును జానెడు వెడల్పు గల పెట్టె యొకటి చెప్పుచున్నది. దానిని జీపీయస్ చార్ట్‌ప్లాటర్ అందురు. నౌకాపటమును తెరపై పఱచి, దానిపై పడవ యున్న చోటును చిన్న గుర్తుగా చూపుట దాని పని. అంగడిలో ఈ యంత్రములు అనేక రకములు. వానిలో దేనిని కొనవలెనను ప్రశ్నకు ధర చూచి, తెర పరిమాణము చూచి బదులు చెప్పువారే యెక్కువ. అసలు చూడవలసినది వేఱొకటి కలదు.

తెరపై కనబడు గుర్తు ఒక చోటినుండి వచ్చును. దాని క్రింది పటము మఱొక చోటినుండి వచ్చును. ఈ రెండును వేఱని తెలిసినవాడే ఆ యంత్రమును ఎన్నుకొన దగినవాడు.

గుర్తు ఆకాశమునుండి వచ్చును. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు అమెరికా ఉపగ్రహములు తమ గడియారపు కాలమును నిరంతరము ప్రసారము చేయుచుండును. నాలుగు ఉపగ్రహముల సంకేతములు తన్ను చేరుటకు పట్టిన కాలమును లెక్కకట్టి యంత్రము తన స్థానమును నిర్ణయించుకొనును. 2000 మే నెల వఱకు ఆ ప్రభుత్వము పౌరుల వాడుకకు వదలిన సంకేతమును బుద్ధిపూర్వకముగా చెఱచి యుంచుటచే నూఱు మీటర్ల వఱకు పొరపాటు వచ్చుచుండెడిది. ఆ కట్టుబాటు తొలగిన పిమ్మట కొలది మీటర్ల లోపలనే స్థానము తెలియుచున్నది. ఈ విషయమున ఖరీదైన యంత్రమునకును చౌకదానికిని గల భేదము స్వల్పము.

పటమో, మనుష్యుడు గీచినది. ఎవరో, ఎప్పుడో, పడవలో పోయి లోతులు కొలిచి వ్రాసికొన్నది. భారత తీరమునకు ఈ పని చేయు జాతీయ జలమాపన కార్యాలయము డెహ్రాడూనులో నున్నది. ఉపగ్రహములు లేని కాలమున కొలిచిన పటములలో ఒక గట్టు తానున్న చోటికి వందల మీటర్ల దూరమున గీయబడి యుండవచ్చును. అప్పుడు గుర్తు నిజమే చెప్పును. పడవ మాత్రము రాతిని తాకును.

పటము సరియైనదైనను ప్రమాదము తప్పదనుటకు ఒక నిదర్శనము కలదు. 2014 నవంబరు 29వ తేదీన, భూప్రదక్షిణ పందెములో పాల్గొన్న 'వెస్టాస్ విండ్' అను తెరచాప నౌక మారిషస్ ద్వీపమునకు ఈశాన్యమున కార్గడోస్ కరజోస్ పగడపు గట్టులపై చీకటిలో ఎక్కి నిలిచిపోయినది. అందున్న తొమ్మండుగురును ప్రాణములతో బయటపడిరి. ఆ గట్టులు పటములో లేకపోలేదు. కాని తెరపై పటమును దూరమునుండి చూచినట్లు చిన్నదిగా నుంచినపుడు యంత్రము వివరములను దాచివేయును. దగ్గఱకు తెచ్చుకొన్ననే అవి కనబడును. కాగితపు పటముపై వ్రేలుంచినవాని కంటబడవలసిన గట్టు, తెరను నమ్మినవారి కంటబడలేదు.

కాబట్టి కొనువాడు మొదట అడుగవలసినది, "తాను తిరుగు జలములకు ఈ యంత్రమున మంచి పటము కలదా? ఏటేట దానిని సవరింప వీలున్నదా?" అని. రెండవది, మిట్టమధ్యాహ్నపు టెండలో తెర కనబడునా అని. అంగడిలో దీపముల క్రింద మెఱయు తెర బంగాళాఖాతపు టెండలో నల్లబడవచ్చును. మూడవది, తడిచేతికి లొంగునా అని. వ్రేలితో తాకి నడపు తెరపై ఉప్పునీటి తుంపర పడెనేని అదియు వ్రేలేయని యంత్రము భ్రమించును. మీటలు కూడ నున్న యంత్రము మేలు.

నాల్గవది విద్యుత్తు. మరపడవకు యంత్రము తిరుగుచున్నంతసేపు విద్యుత్తు పుట్టుచుండును; తెరచాప పడవకు ఆ భాగ్యము లేదు. ఏడంగుళముల తెర గంటకు సుమారు ఒక ఆంపియరు చొప్పున త్రాగిన, దినమునకు 24 ఆంపియర్-గంటలు. నూఱు ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడరాదు గనుక, దీపములను రేడియోను విడిచినను రెండు దినములకే అది సన్నగిల్లును. తెర పెద్దదైన కొలది దాహమును పెద్దదే.

ఐదవది తెరచాపకే చెందినది. మరపడవ కోరిన దిక్కునకు తిన్నగా పోగలదు. తెరచాప పడవ గాలికి ఎదురుగా పోజాలదు. ఇంచుమించు 45 డిగ్రీలు ప్రక్కకు వాలి, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మలుగుచు మెట్లెక్కినట్లు ముందుకు సాగవలెను. గమ్యమునకు సరళరేఖ గీచి చూపు యంత్రము దానికి సగము సాయమే చేయును. గాలి దిక్కును తెలిసికొని, ఎచ్చట మలుగవలెనో చూపగల యంత్రమే తెరచాపకు తగినది.

ఇది విలాస నౌకల వారి గొడవ మాత్రమే యని తోచవచ్చును. కాని తెరపై గీత యొక్క విలువ ఏమిటో ఉత్తరాంధ్ర మత్స్యకారుల కుటుంబములకు తెలిసినంతగా మఱెవ్వరికిని తెలియదు. శ్రీకాకుళము మొదలగు జిల్లాలనుండి గుజరాతు తీరమునకు వలసపోయి మరపడవలపై వేటకు వెళ్లినవారు 2018 నవంబరులో తమ జలములలో ప్రవేశించిరని పాకిస్తాను వారిచే పట్టుబడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి స్వదేశమును చేరిరి. అన్ని నెలలు ఇంటివద్ద ఎదురుచూచిన ఆడవారికి సరిహద్దనునది పటముపై గీత కాదు. మఱియొక విశేషము: ఆ రెండు దేశముల నడుమ సముద్రపు సరిహద్దు నేటికిని ఒప్పందముచే స్థిరపడలేదు. యంత్రము పడవ యున్నచోటును మీటర్లలో చెప్పగలదు. రాజ్యములు తేల్చుకొనని గీతను అది తేల్చలేదు. తెలిసినవాడు ఆ గీతకు ఆమడ దూరముననే వల ముడుచుకొనును.

ఈ లోటు కొంత తీర్చుటకు స్వదేశమునను యత్నములు జరిగినవి. 'నావిక్' ఉపగ్రహములలో మొదటిది 2013 జూలై 1వ తేదీన తెలుగుతీరమందలి శ్రీహరికోటనుండియే పైకెగసినది. పడవ సరిహద్దును సమీపించినపుడు హెచ్చరించు పరికరములను మత్స్యకారుల పడవలలో అమర్చు పథకమును కేంద్రప్రభుత్వము 2024లో ఆరంభించినది.

ఇన్ని చెప్పినను, యంత్రము ఏదో యొకనాడు ఆగిపోవును. భారత నౌకాదళపు 'తారిణి' 17 మీటర్ల తెరచాప నౌక. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూమిని చుట్టి, 254 దినములకు 2018 మే 21న తిరిగి చేరినది. దానిని నడిపిన ఆరుగురు స్త్రీలలో విశాఖపట్టణపు స్వాతి పాతర్లపల్లి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి తెలుగు పడుచులు. మహాసముద్రములు దాటి ఇంటికి చేరువగుచుండగా నౌకను త్రిప్పు చుక్కాని సాధనము చెడి మారిషస్ రేవున ఆగవలసి వచ్చెను. అంత కట్టుదిట్టముగా నిర్మించిన నౌకలోనే ఇట్లు జరిగినపుడు, చిన్న పడవలోని పెట్టె ఎంత? అందుచే ఎన్నుకొనదగిన యంత్రముతోబాటు దిక్సూచియు, కాగితపు పటమును, గంటకొకసారి అక్షాంశ రేఖాంశములను వ్రాసికొను పుస్తకమును ఉండవలెను. తెర ఆరిన నిమిషమున ఆ పుస్తకములోని కడపటి పంక్తియే దారి.

యజ్ఞశ్రీ నాణెముపై ఓడ యున్నది. దానిని నడపినవాని బొమ్మ లేదు. నేటి యంత్రపు తెరపైనను పడవ గుర్తు మాత్రమే కనబడును. కొండను, నీటి రంగును, గాలి వాలును ఒకదానితో నొకటి సరిచూచి నడిచినవాని పని ఇప్పటి సరంగునకును తప్పలేదు. సాధనముల సంఖ్య ఒకటి పెరిగినది. తెర చూచి, తలయెత్తి నీటిని చూడవలసిన బాధ్యత మాత్రము తఱుగలేదు.