పాత ఇల్లు కొనవచ్చునా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కొనడం అంతకంటె సులభమని పలువురి భావన. కాని హైదరాబాదు పాతబస్తీ వంటి చోట్ల, రెండు మూడు తరాలు నివసించిన ఇంటిని కొనదలచిన కుటుంబం తన జీవితకాలపు కూడికను ఒక్క నిర్ణయంపై ఒడ్డుతుంది. ధనమే కాదు, ప్రాణాలు కూడ అందులో ఇమిడి ఉన్నవి. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వర్షాలకు నగరంలో గోడలు కూలి పలువురు మరణించిన సంగతి విదితమే.

అయితే వయస్సును చూచి ఇంటిని నిరాకరించడం న్యాయం కాదు. 1591లో వెలసిన చార్మినారు సున్నపు కట్టడమే గదా! దోషం ఉన్నదా అన్నదాని కంటె, ఆ దోషం ఆగిపోయినదా, ఇంకను సాగుచున్నదా అన్నదే ముఖ్యమైన ప్రశ్న.

మొదట గోడలను పరిశీలించాలి. పూతపై వెంట్రుకవాసి బీటలు సాధారణంగా భయపడవలసినవి కావు. తలుపుల, కిటికీల మూలల నుండి ఏటవాలుగా సాగి, గోడ మందమంతా చీల్చిన బీట పునాది క్రుంగినదనడానికి సూచన కావచ్చును. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును గనుక అక్కడ ఈ ప్రమాదం అధికం. బీటకు అడ్డంగా పలుచని గాజుముక్కను అతికించి, దానిపై తేదీ వ్రాసి ఉంచుతారు. గోడ కదలినచో గాజు పగులుతుంది. ఒక వానకాలం, ఒక వేసవి గడచినను గాజు చెక్కుచెదరకున్న యెడల అది పాత గాయమని తలచవచ్చును. అంత వ్యవధి లేనప్పుడు ఇరుగుపొరుగు వృద్ధులను విచారించడం మేలు. అమ్మకానికి ముందు హడావుడిగా వెల్లవేసిన గోడను మరింత శ్రద్ధతో చూడాలి.

తరువాత పైకప్పు. టేకు దూలాలపై ఇటుకలు పేర్చి గచ్చు వేసిన మిద్దెలలో, దూలం గోడలో దూరిన కొనలే తేమకు ముందుగా కుళ్ళుతాయి. కొట్టి చూచినప్పుడు బోలు శబ్దం వచ్చిన యెడల లోపల చెదలు తినియుండవచ్చును. కాంక్రీటు కప్పులో ఇనుపచువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులను రాల్చుతాయి. ఆ పెచ్చులపై పూత పూయడం చికిత్స కాదు.

డంగు సున్నపు గోడకు సిమెంటు పూయడం మరొక పొరపాటు. సున్నం తేమను బయటికి వదలుతుంది. సిమెంటు దానిని లోపలనే బంధించి గోడను క్రమంగా బలహీనపరుస్తుంది.

ఇంజనీరుచే పరీక్ష చేయించి, మరమ్మతు ఖర్చును అంచనా వేయించి, దానిని ఇంటి ధరకు కలిపి చూడాలి. ఆ మొత్తం పరిసరాలలోని మంచి ఇంటి ధరను మించినచో బేరం మానుకొనుటయే వివేకం. పరీక్షకు అంగీకరించని యజమానితో బేరమే వద్దు.

గోడల కంటె పత్రాలు తక్కువ ముఖ్యమైనవి కావు. ఆడపిల్లలతో సహా వారసులందరి సంతకాలు ఉండాలి. ఆస్తి వక్ఫ్‌ది కాదని రూఢి చేసుకోవాలి. రిజిస్ట్రేషను కార్యాలయంలో ఈ.సి. తీసి తాకట్లను గమనించాలి. కొనువాడు సామాన్య శ్రద్ధతో కనుగొనలేని దోషం తనకు తెలిసియున్నచో అమ్మువాడు వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం శాసిస్తున్నది. సరుకులో దాగిన లోపం బయటపడినప్పుడు దానిని తిరిగి ఇచ్చివేయు హక్కును ఇస్లామీయ ధర్మశాస్త్రం ‘ఖియారె ఐబ్’ అను పేర గుర్తించినది. చట్టమూ, ధర్మమూ ఇచ్చట ఏకీభవిస్తున్నవి.

విద్యార్థులారా! మన ఇళ్ళలో పెద్దలు ఇట్టి బేరం తలపెట్టినప్పుడు గాజుముక్కను అతికించేదీ, ఈ.సి. చదివి వినిపించేదీ మీరే కావచ్చును. చదువు ఇంటికి ఉపకరించే మార్గాలలో ఇదియు ఒకటి.