తాబేలు పిల్లా, పసిపిల్లా – ఒకే ఇంట్లోనా?

పది రూపాయల బిళ్ళకన్నా కాస్త పెద్దది. పచ్చటి చిప్ప, చెవి దగ్గర ఎర్రటి చార. గాజు తొట్టెలో కాళ్ళు ఆడిస్తూ తిరుగుతూంటే పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకూ ముచ్చటేస్తుంది. రంగు చేపలు అమ్మే దుకాణాల్లో దొరికే ఈ తాబేలు పిల్లను కొందరు పుట్టినరోజు కానుకగా కొంటారు. కొందరు ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని ఎవరో చెప్పగా తెచ్చుకుంటారు. కలిసిరావడం, రాకపోవడం వైద్యుడు చెప్పే విషయం కాదు. తాబేలుతోపాటు ఇంట్లోకి ఇంకేం వస్తుందో మాత్రం చెప్పాలి.

తాబేళ్ళ పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవులు సాధారణంగా ఉంటాయి. టైఫాయిడ్ తెచ్చే క్రిమిదీ ఈ కుటుంబమే గాని, అది మనిషి నుంచి మనిషికే వస్తుంది. తాబేలు మోసుకు తిరిగేవి దాని దాయాదులు. వీటివల్ల తాబేలుకు సాధారణంగా ఏ బాధా ఉండదు. చక్కగా తింటుంది, ఈదుతుంది, రాతి మీదికెక్కి ఎండ కాచుకుంటుంది. కాబట్టి "మా తాబేలు నిక్షేపంగా ఉందండీ" అని మీరంటే, అది తాబేలుకు సంబంధించిన మాటే గాని మీ పాపకు సంబంధించినది కాదు.

పరీక్ష చేయించి, క్రిములు లేవని తేలాక ఉంచుకోవచ్చు కదా అంటారా? ఆ క్రిములు రోజూ మలంలో పడవు. ఈ వారం కనిపించకపోతే వచ్చే వారం కనిపించవచ్చు. మందులు వేసి వదిలించుదామన్నా లాభం లేదు. అలా వాడిన చోట మందుకు లొంగని క్రిములు తయారయ్యాయి. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లయితే శుభ్రంగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. తల్లి గుడ్లు పెట్టేటప్పుడే క్రిములు పెంకు దాటి లోపలికి పోగలవు. ఇంట్లోనే గుడ్లు పెట్టించి పిల్లలు చేయించాలని ఉబలాటపడేవారు ఇది గుర్తుంచుకోవాలి. అన్నట్టు, ఈ జాతి గుడ్లలో ఆడా మగా తేల్చేది పొదిగే వేడే. వేడి ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి పుడతాయి. వినడానికి వింతే, కాని క్రిముల విషయంలో రెండూ ఒకటే.

అసలు ప్రమాదం తాబేలు కరవడంలో లేదు, నీళ్ళలో ఉంది. అది తినేది ఆ నీళ్ళలోనే, విసర్జించేదీ ఆ నీళ్ళలోనే. గోరువెచ్చటి తొట్టెలో క్రిములు వేలం వెర్రిగా పెరుగుతాయి. ఆ నీళ్ళను వంటింటి సింకులో పారబోస్తారు. తొట్టెను అంట్లు తోమే పీచుతోనే తోముతారు. అదే చేత్తో పాలసీసా మూత బిగిస్తారు. పాప తాబేలును ముట్టుకోనే లేదు, అయినా క్రిమి పాప నోటికి చేరింది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2007లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో నాలుగు వారాల పసికందు సాల్మొనెల్లా సోకి చనిపోయింది. అదే రకం క్రిమి ఆ ఇంట్లోని చిన్న తాబేలులోనూ దొరికింది. నాలుగు వారాల బిడ్డ తాబేలుతో ఆడుకోదు కదా!

ఆ దేశంలో నాలుగు అంగుళాలకన్నా చిన్న చిప్ప ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మకూడదని 1975లోనే నిషేధించారు. నాలుగంగుళాలు దాటితే క్రిములు ఉండవని కాదు, చిన్నపిల్లల నోట్లో పట్టదని! ఆ ఒక్క నిషేధంతో ఏటా సుమారు లక్షమంది పిల్లలకు జబ్బు తప్పిందని అక్కడి వైద్యులు లెక్కగట్టారు.

ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, అరవై అయిదు దాటిన పెద్దలు, కాన్సరు మందులో స్టెరాయిడ్లో వాడుతున్నవారు ఉంటే తాబేలు వద్దే వద్దు. ఈ మాటలో నాకు మొహమాటం లేదు. కప్పలు, బల్లి జాతి జంతువులు, విదేశాల్లో మనవాళ్ళ పిల్లలు పెంచే న్యూట్ అనే తోక ఉన్న ఉభయచరాలు – వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మనవడిని చూడడానికి అమెరికా వెళ్ళే అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ ఇంట్లో గాజు తొట్టె ఉందేమో ఒకసారి చూసుకోవడం మంచిది.

క్రిమి లోపలికి పోయాక ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. చాలామందికి వారంలో తగ్గిపోతుంది. పసివాళ్ళలో మాత్రం క్రిమి రక్తంలోకి పోయి మెదడు పొరల దాకా వెళ్ళగలదు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఏ వయసు పిల్లలకైనా మలంలో నెత్తురు పడినా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా, పాలు తాగకపోయినా తెల్లవారేదాకా ఆగకండి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మిగతావారికి ముఖ్యమైనది ఓ.ఆర్.ఎస్. లీటరు పొట్లమయితే మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. చెంబులో కొంచెం, సాయంత్రం కొంచెం అంటూ పంచకూడదు. కలిపినది ఇరవై నాలుగు గంటల్లో వాడేయాలి. తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు పధ్నాలుగు రోజులపాటు జింకు మాత్రలు ఇవ్వాలి, మోతాదు డాక్టరు చెబుతారు. మందుల షాపులో అడిగి విరేచనాలు కట్టే బిళ్ళ పసివాళ్ళకు వేయకండి. మామూలుగా తగ్గిపోయే సాల్మొనెల్లాకు యాంటీబయాటిక్కులు వాడితే క్రిమి పేగుల్లో ఇంకా ఎక్కువ రోజులు తిష్ట వేయవచ్చు. అవి ఎవరికి అవసరమో తేల్చాల్సింది డాక్టరే.

ఇంకొక మాట. విరేచనాలతో వచ్చిన పిల్లల తల్లిని మేము నీళ్ళ గురించి అడుగుతాం, బయటి తిండి గురించి అడుగుతాం. తాబేలు ఉందా అని అడిగే డాక్టరు అరుదు. మేము అడగకపోయినా మీరు చెప్పండి.

పెద్ద పిల్లలే ఉన్నారు, తాబేలు ముందునుంచే ఉంది అంటారా? తొట్టెను వంటింటికి, భోజనాల బల్లకు దూరంగా పెట్టండి. దానికి వేరే బకెట్టు, మగ్గు, పీచు కేటాయించండి. నీళ్ళు పెరట్లోనో, మరుగుదొడ్డిలోనో పోయండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగాలి. ముద్దులు పెట్టడం, నేల మీద వదలడం కూడదు. దానికి అన్నం మెతుకులు, బ్రెడ్డు వేసి నీడలో ఉంచితే చిప్ప మెత్తబడుతుంది. సున్నం ఉన్న తిండి, రోజూ కాస్త ఎండ కావాలి. కొనేముందు ఇదీ ఆలోచించండి. ఈ బుల్లి ప్రాణి పళ్ళెమంత పెరిగి, ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుంది.

రాయలసీమ పొదల్లో దొరికే నక్షత్ర తాబేలు సంగతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఎవరైనా ఇస్తామన్నా పుచ్చుకోవద్దు.

ఇది చదివాక తాబేలును వదిలించుకోవాలనిపిస్తే గుడి కోనేట్లోనో, ఊరి చెరువులోనో వేసిరాకండి. ఎర్రచెవి తాబేలు అమెరికా జాతిది, మన తాబేళ్ళ తిండిని, చోటును ఆక్రమిస్తుంది. కొన్న దుకాణానికే తిరిగివ్వండి, కాదంటే పశువైద్యుణ్ణో అటవీశాఖ వారినో అడగండి. తొట్టెను మాత్రం బ్లీచింగు నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాకే ఇంకో పనికి వాడండి.