చిట్టి ఉండలు... చారల దుప్పటి

బాబు స్వెట్టరుకి పోగా మిగిలిన నీలం, పాప టోపీ తాలూకు గులాబీ, ఎందుకు కొన్నారో గుర్తేలేని ఆవపిండి రంగు... అల్లిక వచ్చిన వాళ్లింట్లో ఇలాంటి ఊలుండల సంచీ ఒకటి ఉండే ఉంటుంది. పారేయబుద్ధి కాదు, ఏ ఒక్కదాంతోనూ ఏదీ పూర్తికాదు. అలాంటప్పుడే క్రోషియా చారలు అక్కరకొస్తాయి. వరసకో రంగు చాలు మరి!

క్రోషియా అనగానే మనకి నరసాపురం లేసు గుర్తొస్తుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనానికి సన్నటి నూలుదారం, ఏళ్ల సాధన కావాలి. ఊలు చారలకి అంత అక్కర్లేదు. గొలుసు, ట్రెబుల్ కుట్టు వస్తే సరి.

పాపాయి దుప్పటికైతే 102 గొలుసులు వేసి, సూది నుంచి నాలుగో గొలుసులో తొలి ట్రెబుల్ వేయాలి. వదిలేసిన మూడు గొలుసులూ కలిపి ఒక కుట్టు కింద లెక్క. అంటే వరసకి 100 కుట్లు. తర్వాతి వరసలన్నీ మూడు గొలుసులతో మొదలుపెట్టి, రెండో కుట్టు నుంచి అల్లాలి. వరస చివర, కింది వరస మొదట్లో వేసిన మూడు గొలుసుల పైభాగంలోనూ ఒక కుట్టు పడాలి. కొత్తవాళ్లు మర్చిపోయేది దీన్నే. అందుకే కొందరి దుప్పట్లు పోనుపోనూ త్రికోణాలవుతాయి!

రంగు మార్చేదీ వరస చివరే. ఆఖరి కుట్టులో సూది మీద రెండు లూపులు ఉండగా కొత్త దారం లాగితే అంచు శుభ్రంగా వస్తుంది.

అసలు బెంగ, దారం వరస మధ్యలో అయిపోతుందేమోనని. విప్పడం కంటే చిరాకు ఉందా? దీనికో కిటుకు ఉంది. మిగిలిన ఊలుని సగానికి మడిచి, మధ్యలో వదులుగా ముడి వేసుకోవాలి. ముడి దాకా రాకముందే వరస పూర్తయిందా, ఇంకో వరసకి ధైర్యంగా దిగొచ్చు. ముడి ముందే వచ్చేస్తే ఆ రంగుకి ఆ ఒక్క వరసే.

మందంలో తేడా ఉన్నవి మాత్రం కలపొద్దు, అంచులు వంకర్లు పోతాయి. ముదురు ఎరుపు లాంటి రంగుల్ని ముందే తడి తెల్లగుడ్డలో చుట్టి చూసుకోవాలి. ఒక ఉతుకుతో చారలన్నీ గులాబీ అయిపోతే ఏడుపొక్కటే తక్కువ.

వేలెడు మిగిలిన కొసల్ని తర్వాతి వరస కుట్ల కిందే దాచేస్తూ పోతే, చివర్లో సూదీ దారం పట్టుకుని కూర్చునే పని తప్పుతుంది. ఇక ఆ ఆవపిండి రంగంటారా, నీలం పక్కన వేసి చూడండి!